ఇంటినేల కథ : అలుకునుండి టైల్సు వరకు

హవేలిఘనపూర్ మెదకు పట్టణమునకు సమీపముననున్న గ్రామము. 2016లో తెలంగాణమందు జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు ఇది మండల కేంద్రమైనది. ఉపాధ్యాయులకు ఈ పేరు క్రొత్తది కాదు. మెదకు జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ఇచ్చటనే ఉన్నది. హవేలి యనగా పెద్ద మేడ యని అందరు ఎరుగుదురు. వెనుకటి రెవెన్యూ భాషలో ఆ మాటకు ఇంకొక అర్థము కూడ కలదు. కోటకో, ముఖ్య పట్టణమునకో చుట్టునుండి, సర్కారు నేరుగా అనుభవించు భూములను హవేలీ యనెడివారు. కనుక పేరులో మేడ యున్నంత మాత్రమున ఊరివారందరు మేడలలో ఉండిరని తలపరాదు.

ఇట్టి ఊరిలో నేడు ఇల్లు కట్టుకొను గృహస్థుడు, గోడలు లేచి కప్పు పడిన పిదప, ఒక ప్రశ్న నెదుర్కొనుచున్నాడు. నేలకు ఏమి వేయవలెను? తాండూరు బండలా, గ్రానైటా, టైల్సా? దుకాణమునకు పోయినచో అద్దములవలె మెరయు పలకలు వరుసగా నిలబెట్టి చూపుదురు. ధర, రంగు, మెరుపు, ఈ మూడింటిని చూచి కొనువారే ఎక్కువ. నాల్గవది యొకటి కలదు. అది కంటికి కనబడదు. పలక లోపలనున్న సూక్ష్మరంధ్రములు ఎన్ని, అవి ఎంత నీరు త్రాగును అనునదే ఆ నాల్గవ విషయము. ఇంటినేల చరిత్ర నంతటిని ఈ రంధ్రముల చరిత్రగా చెప్పవచ్చును. మనుష్యుడు వేల ఏండ్లుగా తన కాలిక్రింది నేలలోనికి నీరు దిగకుండ, పైకి చెమ్మ యెక్కకుండ చేయుటకే పాటుపడినాడు. మెదకు సీమలో ఈ చరిత్ర యంతయు కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే చూడవచ్చుట విశేషము.

మొదట మట్టినేల. ఈ ప్రాంతమున భూమి అడుగున నున్నది అతి ప్రాచీనమైన గ్రానైటు, నైసు శిలాజాతి. ఆ శిల చివికి గరుసైన మొరము ఏర్పడినది. ఇల్లు కట్టుకొనువారు ఈ మొరమును పోసి, నీటితో తడిపి, దిమ్మిసతో కొట్టి గట్టిపరచెడివారు. పైని ఎర్రమన్నో పుట్టమన్నో మెత్తి, దానిపై పేడతో అలికెడివారు. ఈ మూడు పొరలకును మూడు పనులున్నవి. మొరములోని ఇసుక, రాతిముక్కలు బరువును మోయును. పుట్టమన్ను చెదపురుగులు అడుగునుండి ఏరి తెచ్చి తమ లాలాజలముతో అతికించిన సన్నని రేణువుల సముదాయము. ఇది మొరములోని సందులను పూడ్చును. పేడలో పశువు జీర్ణము చేసికొనలేని గడ్డి నారలు మిగిలియుండును. మట్టి ఎండి ముడుచుకొనునపుడు పగుళ్ళు సాగకుండ ఈ నారలు పట్టి నిలుపును. నేటి యింజనీర్లు సిమెంటులో సన్నని నారలు కలుపుటకు కారణము కూడ ఇదియే.

ఐనను ఈ నేల నీటికి ఓడిపోవును. సన్నని మట్టి రేణువుల నడుమనున్న సందులు సన్నని గొట్టములవంటివి. దీపపు వత్తిలో నూనె పైకి ప్రాకినట్లు వానకాలమున భూమిలోని చెమ్మ వీనివెంట పైకి ప్రాకును. పైని రాకపోకలకు పొర అరిగి దుమ్ము లేచును. కావున అలుకుట ఒకనాటితో తీరునది కాదు. కొద్ది దినములకొకసారి, పండుగ వచ్చినచో తప్పక, మరల మరల చేయవలసినదే. ఆ పని యంతయు స్త్రీలది. పేడ తెచ్చుట, మట్టి త్రొక్కుట, వంగి మూలమూలలకు చేతితో పూయుట, మరల జాజుతో అంచులు దిద్దుట. మట్టియింటిని గూర్చి పట్టణమువారు ముచ్చటగా చెప్పుకొనునపుడు ఈ లెక్కను సాధారణముగ మరచెదరు. మట్టినేల చవుకయైనదను మాట నిజమే గాని, ఆ చవుక యొకరి నడుము విరుపుతో వచ్చినది.

పేడ క్రిములను చంపునను నమ్మకము కూడ కొంత ప్రచారములో నున్నది. విద్యార్థులు దీనిని జాగ్రత్తగా ఆలోచింపవలెను. నేలను కట్టిపట్టుటలో పేడకు గల గుణము నిజమైనది. కాని ధనుర్వాతము కలిగించు సూక్ష్మజీవి బీజములు పశువుల పేడలోను, మట్టిలోను ఉండును. పురిటి యింట పచ్చి బొడ్డునకు మట్టియు పేడయు తగులుట ఎంతటి అపాయమో వైద్యులు చెప్పి చెప్పి, టీకాలు వేసి వేసి, చివరకు 2015 నాటికి బాలింతల, పసికందుల ధనుర్వాతమును మన దేశమునుండి దాదాపు తొలగింపగలిగిరి. నేలకును పిల్లల ఆరోగ్యమునకును గల సంబంధము ఇంకొక దేశమున లెక్కలతో రుజువైనది. మెక్సికో దేశపు ప్రభుత్వము 2000వ సంవత్సర ప్రాంతమున పేదల మట్టినేలలపై ఉచితముగ సిమెంటు వేయించు పథకమును ప్రారంభించెను. పరిశోధకులు ఆ యిండ్ల పిల్లలను పరీక్షించి, కడుపులోని పరాన్నజీవుల బాధ సుమారు నూటికి 78 పాళ్ళును, విరేచనముల వ్యాధి సుమారు 49 పాళ్ళును తగ్గినవని 2009లో ప్రకటించిరి. మందు మాత్ర ఒక్కటి యైనను ఇయ్యకుండ, నేల మార్చినంత మాత్రమున కలిగిన ఫలితమిది. మన దేశమున 2011 జనాభా లెక్కలనాటికి నూటికి సుమారు 47 కుటుంబములు మట్టినేలపైననే నివసించుచుండెను. మొజాయిక్, టైల్సు నేలలు నూటికి 11 ఇండ్లకు మాత్రమే ఉండెను. కాబట్టి నేలకు ఏమి వేయవలెనను ప్రశ్న సంపన్నుల ముచ్చట మాత్రమే కాదు.

రెండవది గచ్చు. కోటలలోను, గడీలలోను, దేవాలయ మండపములలోను డంగుసున్నపు పని కనబడును. సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినచో అందలి బొగ్గుపులుసు గాలి పోయి పొడిసున్నము మిగులును. నీరు చల్లిన అది బుసబుస పొంగి తడిసున్నమగును. దీనిని ఇసుకతోను, ఇటుకపొడితోను కలిపి, వలయాకారమైన రాతి కాలువలో ఎద్దులచే రాతిచక్రమును త్రిప్పించుచు నూరుదురు. అందు బెల్లపు నీరు, కరక్కాయ రసము కలుపుట కలదు. పరచిన పిదప నునుపురాతితో దినముల తరబడి రుద్దుదురు. సున్నము మెల్లమెల్లగా గాలిలోని బొగ్గుపులుసు గాలిని తిరిగి పీల్చుకొని మరల సున్నపురాయిగా మారును. అనగా రాతిని కాల్చి, మెత్తచేసి, కోరిన చోట పరచి, మరల రాయిగా చేయుటయే గచ్చు. రుద్దుటవలన పైపొరలోని రంధ్రములు మూసుకొనును. ఇటుకపొడిలోని సిలికా సున్నముతో కూడి, నీటిలో కరగని బంధమును ఏర్పరచును. ఇది మంచి నేలయే. కాని దీనికి వలయు కట్టెలు, ఎద్దులు, పనివారి దినములు సామాన్యుని శక్తికి మించినవి. నేడు సిమెంటు నేలను కూడ తెలుగువారు గచ్చు అనియే పిలుచుచున్నారు. పదార్థము మారినను పేరు నిలిచినది.

మూడవది బండ. తాండూరు, షాబాదు బండలు ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. రాయలసీమలో కడప బండలు, బేతంచెర్ల బండలు ఆ స్థానమును పొందినవి. ఇవన్నియు సున్నపురాతి జాతివే. తాండూరు, షాబాదు రాళ్ళు భీమానదీ ప్రాంతపు శిలావర్గమునకు చెందినవి. భూమిపై గుల్లలుగల జంతువులు ఇంకను విస్తరింపని అతి పురాతన కాలమున, లోతులేని సముద్రపుటడుగున సన్నని సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకొని రాయియైనది. ఈ పొరలే బండకు ప్రాణము. పనివాడు ఉలితో అంచున కొట్టినచో రాయి పుస్తకపు పుటవలె విడివడును. రంపమక్కరలేదు, కొలిమి అక్కరలేదు. ప్రకృతి పలకలుగా పరచి పెట్టినదానిని మనుష్యుడు లేపి తెచ్చుకొనుటయే.

ఐనను ఎన్నో శతాబ్దములు ఈ బండ గనుల చుట్టుపట్లనే యుండిపోయెను. బరువైన రాతికి బండిపై దూరప్రయాణము గిట్టదు. వాడి, సికింద్రాబాదుల మధ్య నిజాం రాజ్యపు రైలుమార్గము 1874లో తెరువబడెను. అది తాండూరు మీదుగనే పోవును. రైలు వచ్చిన పిదప దూరపు ఊళ్ళలో బండ వాడుకకు దారి యేర్పడినది. మెదకు పట్టణమునకు మాత్రము ఆ భాగ్యము చాల ఆలస్యముగ కలిగినది. సికింద్రాబాదునుండి మన్మాడుకు పోవు మార్గము ఇరువదవ శతాబ్ది ఆరంభమునకే పూర్తియైనను, అది అక్కన్నపేట మీదుగా పోయెను గాని మెదకును తాకలేదు. అక్కన్నపేటనుండి మెదకుకు 17 కిలోమీటర్ల శాఖామార్గము 2022లో గాని ప్రారంభము కాలేదు.

ఈ విషయమును మనసులో నుంచుకొని మెదకు చర్చిలోనికి పోవలెను. ఆ కట్టడమును చూడవచ్చువారు సాధారణముగ తలయెత్తి చూతురు. 175 అడుగుల గోపురము, రంగుటద్దముల కిటికీలు అందరి కన్నులను పైకి లాగును. తలవంచి చూచువారు కొందరే. కాని నేల చరిత్రకు సంబంధించినంతవరకు జిల్లాలో ముఖ్యమైన చోటు ఇదియే. వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఈ నిర్మాణమును 1914లో ప్రారంభించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిపించెను. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను, కరవులు వచ్చెను. కరవు బాధితులకు కూలి దొరకుటకే ఈ పనిని సాగించిరని ఇచ్చటివారు నేటికిని చెప్పుకొందురు. గోడల రాయి ఈ నేలదే. కాని 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల మందిరమునకు నేలగా పరచినది మాత్రము ఇంగ్లండునుండి తెప్పించిన ఆరు రంగుల పలకలనియు, వానిని పరచుటకు ఇటలీ దేశపు పనివారిని నియోగించిరనియు ప్రతీతి. పట్టణమునకు రైలు లేని కాలమది. ఓడ దిగి, రైలు దిగి, ఆ పలకలు చివరి కొన్ని మైళ్ళు బాటవెంటనే రావలసి యుండెను.

చేతి క్రింద ఇంత రాయి యుండగా సముద్రములు దాటించి మట్టిపలకలను తెచ్చుట వింతగా తోచవచ్చును. దీనికి సమాధానము పలకల పుట్టుకలో నున్నది.

కాల్చిన మట్టిని నేలకు పరచుట క్రొత్త విద్య కాదు. సింధు నాగరికతకు చెందిన కాలిబంగన్‌లో వలయములు ఒకదానినొకటి ఖండించు చిత్రముగల పలకల నేల త్రవ్వకములలో బయటపడినది. ఒకప్పుడు మెదకు జిల్లాలోనుండి, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో చేరిన కొండాపురమున సాతవాహనుల కాలపు ఇటుక కట్టడములు, మట్టిబొమ్మలు దొరకినవి. కనుక మట్టిని కాల్చు నేర్పు ఈ సీమలో రెండువేల ఏండ్లనాడే ఉన్నది. లోపించినది నేర్పు కాదు. అంతకంటె హెచ్చు వేడియు, అందులకు వలయు ఇంధనమును. కుమ్మరి ఆవములో వేడి 700, 800 డిగ్రీల వరకు పోవును. ఆ వేడిలో మట్టి గట్టిపడును గాని కరగదు. దాని రేణువుల నడుమ సందులు అట్లే మిగులును. క్రొత్త కుండలో నీరు చల్లబడుటకు కారణము ఈ సందులే. కుండకు గుణమైనది నేలకు దోషమైనది.

ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైరు సీమలో మంచి బంకమట్టియు, రాతిబొగ్గును పుష్కలముగ నున్నవి. అచ్చటి శామ్యూల్ రైట్ అనునతడు 1830లో ఒక హక్కుపత్రము పొందెను. ఒక రంగు మట్టిపలకలో అచ్చుతో గుంటలు చేసి, ఆ గుంటలలో ఇంకొక రంగు మట్టిని నింపి కాల్చుట అతని పద్ధతి. చిత్రము పైపూత కాదు. లోనికి కొంత మందము వరకు ఉండును. పలక అరిగినను బొమ్మ చెరగదు. హెర్బర్ట్ మింటన్ దీనిని పెంపొందించెను. 1840లో రిచర్డ్ ప్రాసర్ అనునతడు ఇంకొక ముఖ్యమైన ఉపాయమును కనిపెట్టెను. తడిమట్టికి బదులు, దాదాపు పొడిగానున్న మట్టిపిండిని ఇనుప అచ్చులో పోసి గట్టిగా అదిమినచో పలక తయారగును. అతడు బొత్తాములకై కనిపెట్టిన ఈ పద్ధతిని మింటన్ పలకలకు ఉపయోగించెను. తడిమట్టి ఎండునపుడు ముడుచుకొని వంకరలు పోవును; పొడిమట్టిలో ఆ బాధ లేదు. అన్ని పలకలు ఒకే కొలతకు వచ్చును. నేటి మన దుకాణములలోని టైల్సు అన్నియు ఈ బొత్తాముల వంశమువే యనవచ్చును.

మెదకు చర్చి వంటి విశాలమందిరమున వేలమంది పాదములక్రింద నలిగియు రంగు మారని, కొలత తప్పని పలకలు 1920 ప్రాంతమున ఇట్టి కర్మాగారములనుండియే రావలసి యుండెను. తాండూరు బండకు వన్నెలు రెండు మూడే; ఆరు రంగులలో రేఖాచిత్రములు దానితో పొసగవు.

మన దేశమున పలకల పరిశ్రమ దీనికి సమాంతరముగ వేరొక దారిలో మొదలైనది. 1922లో బొంబాయియందు స్థాపింపబడిన భారత్ టైల్సు సంస్థ కొలిమి అక్కరలేని సిమెంటు పలకలను చేయసాగెను. పైపొరలో రంగు కలిపిన సిమెంటును, చలువరాతి పొడిని పోసి, జలయంత్రపు ఒత్తిడితో అదిమి, నీటిలో నానబెట్టుదురు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడును గాని నిప్పుతో కాదు. పిదప చలువరాతి తునకలను సిమెంటులో కలిపి పోసి, యంత్రముతో అరగదీయు మొజాయిక్ నేల వ్యాప్తిలోనికి వచ్చినది. స్వాతంత్ర్యానంతరము కట్టిన పాఠశాలలు, కచేరీలు, ఆసుపత్రులలో ఎన్నింటనో నేటికిని ఈ నేలయే కాన్పించును. దాని అందము సంగతి ఎట్లున్నను, మన్నికలో దానికి సాటివచ్చునవి కొద్ది.

ఇప్పుడు నేటి టైల్సు. వీనిలో విట్రిఫైడ్ అనబడు జాతి ముఖ్యమైనది. గాజుగా మారినదని ఆ మాటకు అర్థము. బంకమట్టి, స్ఫటికపు పొడి, ఫెల్డ్‌స్పారు అను ఖనిజము దీని ముడిపదార్థములు. వీనిని నీటితో మెత్తగా నూరి, వేడిగాలిలో పిచికారి చేసి, సన్నని గుండ్లవంటి పొడిగా మార్చి, చదరపు సెంటిమీటరుకు కొన్ని వందల కిలోగ్రాముల ఒత్తిడితో అదుముదురు. తరువాత తిరుగుచున్న కడ్డీలపై సాగు పొడవైన కొలిమిలోనికి పంపుదురు. సుమారు 1200 డిగ్రీల వేడిలో ఫెల్డ్‌స్పారు కరగి గాజుద్రవమై రేణువుల నడుమనున్న సందులలోనికి ప్రాకి వానిని పూడ్చివేయును. కుమ్మరి ఆవము చేయలేనిది ఈ కొలిమి గంట ప్రాంతములో చేయును. గుజరాతులోని మోర్వి పట్టణము నేడు ఈ పరిశ్రమకు కేంద్రము. తెలుగు సీమలోని ఫెల్డ్‌స్పారు అచ్చటికి పోవును. పలకలై తిరిగి వచ్చును.

అంతర్జాతీయ ప్రమాణములు పలకలను రంగునుబట్టి కాక, అవి త్రాగు నీటినిబట్టియే విభజించినవి. తన బరువులో నూటికి అరపాలుకు మించి నీరు పీల్చనివి మొదటి తరగతి. విట్రిఫైడ్ పలకలు ఇందు చేరును. నూటికి పదిపాళ్ళకు మించి పీల్చునవి గోడలకే తగును. ఈ గుణమును ఉన్నత పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. దుకాణములో విరిగిన ముక్కలను అడిగి తెచ్చి, బాగుగ ఎండబెట్టి తూచవలెను. 24 గంటలు నీటిలో నుంచి, తీసి, పైతడి తుడిచి మరల తూచవలెను. 200 గ్రాముల ముక్క 230 గ్రాములైనచో అది నూటికి 15 పాళ్ళు నీరు త్రాగినదన్నమాట. 201 గ్రాములు దాటకున్నచో మొదటి తరగతికి చెందినదని అనుకొనవచ్చును. ప్రయోగశాలలలో గాలిని తొలగించియో, నీటిని మరగించియో ఇంకను కచ్చితముగ కొలుతురు గాని, తరగతి గదికి ఈ పద్ధతి చాలును. అంత ఓపిక లేనివారు పలక వెనుకవైపున ఒక బొట్టు నీరు వేసి చూడవచ్చును. బొట్టు ఇంకిపోయినచో రంధ్రములున్నవి, నిలిచియున్నచో లేవు.

తాండూరు బండకు ఇంకొక పరీక్ష కలదు. ఒక మూలను నిమ్మరసపు చుక్క వేసినచో సన్నని బుడగలు లేచును. సున్నపురాయి పులుపుతో కూడినపుడు బొగ్గుపులుసు గాలి వెలువడుటయే ఇది. వంటయింట చింతపండు పులుసు, మజ్జిగ, నిమ్మకాయ ఒలుకుట నిత్యకృత్యము. అందుచేత నున్నగా పాలిషు పట్టిన తాండూరు బండ వంటగదిలో కొద్ది కాలమునకే మచ్చలు పడి వన్నె తగ్గును. గ్రానైటునకు గాని, విట్రిఫైడ్ పలకకు గాని ఈ భయము లేదు. వరండాకు, పెరటికి, పశువుల కొట్టమునకు మాత్రము గరుకైన తాండూరు బండను మించినది లేదు. కొలిమి ఎక్కనిది కనుక ఇంధనపు ఖర్చు లేదు. విరిగినచో ఆ ఒక్క బండనే మార్చుకొనవచ్చును.

రంధ్రములు లేకుండుటయే మేలైనచో అన్నిగదులకు అద్దమువంటి పలకయే వేయవచ్చును గదా యని అడుగవచ్చును. ఇచ్చటనే పొరపాటు జరుగుచున్నది. మట్టినేలపై ఒలికిన నీరు ఇంకిపోవును. మెరుపు పలకపై ఇంకుటకు దారి లేక పొరగా నిలుచును. కాలు ఆ నీటిపొరపై పడినపుడు పాదమునకును పలకకును స్పర్శయే తప్పిపోయి, ఘర్షణ దాదాపు సున్నయగును. పడుచువారు తూలి నిలదొక్కుకొందురు, వృద్ధులు పడిపోదురు. ముసలితనమున తుంటి యెముక విరిగిన వారిలో పలువురు మరల మునుపటివలె నడువజాలరు. గరుకుదనమును తెలుపుటకు పలకల పెట్టెలపై ఆర్ అను అక్షరము ప్రక్కన 9 మొదలు 13 వరకు అంకె వేయు పద్ధతి కలదు. నూనె పూసిన ఏటవాలు పలకపై మనుష్యుని నడిపించి ఈ అంకెను నిర్ణయింతురు. అంకె పెరిగినకొలది జారుట తగ్గును. స్నానపు గదికి, బట్టలుతుకు చోటికి 11కు తగ్గనిది మేలు. హాలుకు వేసిన పలకలు మిగిలినవని వానినే స్నానపు గదిలో పరపించు గృహస్థులు ఉన్నారు. ఆ పొదుపు ప్రమాదకరమైనది.

పరచుటలో కూడ రంధ్రములే చిక్కు తెచ్చును. పాత కాలపు పింగాణి పలకలను సుతారి ముందుగా నీటిలో నానవేసెడివాడు. నానకున్నచో అవి సిమెంటులోని నీటిని పీల్చివేయును, సిమెంటు పండదు. నానిన పలక రంధ్రములలోనికి సిమెంటు స్ఫటికములు సూదులవలె పెరిగి వ్రేళ్ళుపట్టును. విట్రిఫైడ్ పలకలో ఆ రంధ్రములే లేవు. దానిని నానవేయుట వ్యర్థము. వట్టి సిమెంటు పాలు పోసి అతికించినను పట్టు చిక్కదు. ఇందులకే ప్రత్యేకమైన జిగురు సిమెంటు వచ్చినది. పదార్థము మారినను చేతి అలవాటు మారక, పాత పద్ధతినే పరచిన ఇండ్లలో పలకను నాణెముతో తట్టినచో డొల్లధ్వని వినబడును.

ఇంకొకటి. పలకకు పలకకు నడుమ సందు లేకుండ అతికించిననే పని నాణ్యమైనదని చాలమంది తలంతురు. పది మీటర్ల పొడవుగల నేల వేడిమి 20 డిగ్రీలు పెరిగినచో సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు సాగును. అడుగున సిమెంటు ఎండి ముడుచుకొనుచునే యుండును. సాగుటకు చోటు లేనపుడు పలకలు ఒకదానినొకటి నెట్టుకొని, ఏదో యొకనాటి రాత్రి పెద్ద చప్పుడుతో గుడారమువలె పైకి లేచును. ఇట్టి చప్పుడు విన్న ఇండ్లలో దయ్యమని, భూకంపమని, వాస్తు దోషమని తలపోయుట కద్దు. రైలు పట్టాలకు సందులు విడిచిన కారణము చదివిన విద్యార్థి ఆ యింటివారికి ధైర్యము చెప్పగలడు. రెండు మూడు మిల్లీమీటర్ల సందు విడిచి, గోడల అంచున కొంత ఎక్కువ విడిచి, మెత్తని పూరకముతో నింపినచో ఈ ఆపద రాదు.

పలకలను కోయు పనివారిని గూర్చి ఒక మాట. గ్రానైటులోను, విట్రిఫైడ్ పలకలోను స్ఫటికపు సిలికా కలదు. పొడిగా కోసినపుడు లేచు తెల్లని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి, ఏండ్లు గడచిన పిదప నయముకాని వ్యాధిగా బయటపడును. కోయుచున్నంతసేపు నీరు పోయుచుండినచో దుమ్ము లేవదు. దీనికి ఖర్చు ఒక బక్కెట నీరు. ఇల్లు కట్టించుకొను గృహస్థుడు పట్టుబట్టినచో జరుగును, ఊరకున్నచో జరుగదు.

హవేలిఘనపూర్ వంటి ఊళ్ళలో ఇంటిలోపల టైల్సు వేయించినను, ముంగిలి మట్టిదే యైనచో తెల్లవారగనే సాన్పి చల్లి ముగ్గు వేయుట మానలేదు. కడప ముందు టైల్సు పరచినవారికి మాత్రము ఒక చిన్న ఇబ్బంది కలిగినది. మట్టిలోను, బండలోను ఉన్న సందులు ముగ్గుపొడిని పట్టి నిలుపును. విట్రిఫైడ్ పలకపై అది నిలువదు, గాలికి లేచిపోవును. అందుచేత కొందరు తెల్లరంగుతో ముగ్గు చిత్రించుకొనుచున్నారు. కొందరు కడప ముందు రెండడుగులమేర తాండూరు బండనే పరపించి, తక్కినదంతయు టైల్సు వేయించుకొనుచున్నారు.